లండను నగరమున బూడిద గుత్త

లండను నగరపు పాతవీథులలో నడచువారికి పసుపుచాయ గల ఇటుకగోడలు అడుగడుగున కనబడును. ఆ చాయ మట్టిలో కలిపిన సుద్ద వలన వచ్చినది. కాని ఆ ఇటుకలను కాల్చిన నిప్పును, కాలుటకు తోడ్పడుచు మట్టిలో లోలోపల కలిసిపోయిన పొడియు ఆ నగరవాసుల పొయ్యిలనుండియే వచ్చినవి. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ఒక ఇంటివారు ఊడ్చి పారవేసిన బూడిద, కొన్ని నెలలు గడచునప్పటికి, అదే నగరమున లేచు మరియొక ఇంటి గోడలో చేరి నిలుచుచుండెను. ఇంటి కసవును ఎవరు ఎత్తవలెను, ఎత్తువానిని ఎవరు నియమింపవలెను, ఎత్తినందులకు సొమ్ము ఎవరు ఎవరికి ఈయవలెను అను ప్రశ్నలు నేడు మన పురపాలక సంఘములను, మన గృహస్థులను కలతపెట్టుచున్నవి. ఈ ప్రశ్నలకు లండను నగరము రెండువందల యేండ్లకు పైగా ఒకదాని వెంట ఒకటిగా భిన్నమైన సమాధానములను చెప్పుకొనుచు వచ్చినది. ఆ సమాధానములలో ప్రతిదానికిని ఎవరో ఒకరు మూల్యము చెల్లించిరి. ఆ చరిత్రను కొంత తీరికగా చెప్పుకొనుట మనకు ప్రయోజనకరమని నా నమ్మకము.

మొదట చెప్పవలసినది బొగ్గును గురించి. ఇంగ్లండు దక్షిణభాగమున అడవులు పలుచబడి వంటచెరకు వెల పెరిగిన పిమ్మట, ఉత్తరమున టైన్ నదీతీరమందలి న్యూకాసిల్ గనులనుండి ఓడలపై వచ్చు బొగ్గే లండను ప్రజలకు వంటకును, చలి కాచుకొనుటకును ఆధారమయ్యెను. 1851 నాటి జనాభా లెక్కలలో ఆ నగరవాసుల సంఖ్య 23 లక్షలు దాటినది. వారు ఏటేట కాల్చు బొగ్గు 35 లక్షల టన్నులనియు, అందుండి వచ్చు బూడిదయు నుసియు సగము కాలిన బొగ్గుముక్కలును కలిసి 9 లక్షల టన్నులుండుననియు, ఆ కాలపు పేదవారి వృత్తులను వీథివీథి తిరిగి విచారించి గ్రంథస్థము చేసిన హెన్రీ మేహ్యూ అంచనా కట్టెను. నాటి ఇండ్లలో పారవేయుటకు నేటివలె పలువిధములైన వస్తువులు లేవు. ఎముకలను, గుడ్డపీలికలను, వంటలో మిగిలిన కొవ్వును పనికత్తెలు గుమ్మము ముందుకు వచ్చు చిల్లరవర్తకులకు అమ్ముకొనుచుండిరి. కూరగాయల తొక్కలు పందులకు పోయెడివి. కాగితము మరునాటి పొయ్యి రాజవేయుటకు పనికివచ్చెడిది. కనుక ఇంటి పెరటిలోనో, మెట్ల క్రింది నేలమాళిగలోనో ఉండు చెత్తగూటిలో చేరునది ముప్పాతికపాలు బూడిదయే. తడి లేనిది, కుళ్లనిది, జల్లించుటకు అనువైనది. ఈ ఒక్క కారణము చేతనే ఆ చెత్తకు విలువ కలిగెను.

ఆ విలువను మొదట గుర్తించినవారు ఇటుకల తయారీదారులు. ఇటుకమట్టిలో మెత్తని బూడిదను కలిపినచో, కాలునపుడు ఇటుక వెలుపలనుండియే కాక లోపలనుండియు కాలును. వేడి సమముగా వ్యాపించును. వంట్రకము ఆదా యగును. జల్లెడపైన మిగిలిన బొగ్గునుసిని బట్టీలో ఇటుకల వరుసల నడుమ పరచి ఇంధనముగా వాడుకొనుచుండిరి. మన గోదావరి, కృష్ణా తీరములందలి ఇటుకబట్టీలలో ఊకను వాడుట ఎరిగినవారికి ఈ పద్ధతి సులభముగా బోధపడును. నగరము ఎంత వేగముగా పెరిగెనో ఇటుకలకు అంత గిరాకి; ఇటుకలకు ఎంత గిరాకియో బూడిదకు అంత వెల. థేమ్స్ నదిపై బూడిద నింపుకొని కెంట్ మండలమునకు దిగిపోయిన పడవలు, అచట కాలిన ఇటుకలను నింపుకొని నగరమునకు తిరిగి వచ్చుచుండెను. పడమట పాడింగ్టన్ కాలువ రేవునుండి మిడిల్‌సెక్స్ ఇటుకక్షేత్రములకును ఇట్టి రాకపోకలే సాగుచుండెను.

ఇంతటి సరకు ఊరక పోవునా? అప్పటి లండనునకు నగరమంతటికిని చెల్లు ఒక్క పురపాలక సంఘము లేదు. ఒక్కొక్క చర్చి పరిధిలోని పేటకు పేరిషు అని పేరు. ఆ పేటలో పన్ను చెల్లించు గృహస్థుల సభకు వెస్ట్రీ అని పేరు. ఈ వెస్ట్రీలు తమ పేటలోని ఇండ్ల బూడిదను ఒక యేడాదియో, అంతకు కొంచెము ఎక్కువ కాలమో ఎత్తుకొనిపోవు హక్కును టెండర్లు పిలిచి గుత్తకు ఇచ్చుచుండెను. మన పల్లెలలో చెరువు చేపలకును, సంత ఆశీలుకును, చింతతోపు ఫలసాయమునకును పాట పెట్టి హెచ్చుపాటదారునకు కట్టబెట్టినట్లే, అచట బూడిదను ఎక్కువ సొమ్ము ఇచ్చువానికి కట్టబెట్టుచుండిరి. ఇచట చదువరి ఒక క్షణము నిలిచి గమనింపవలెను: చెత్త ఎత్తినందులకు పేట గుత్తదారునకు సొమ్ము ఇచ్చుట కాదు, ఎత్తుకొనిపోనిచ్చినందులకు గుత్తదారే పేటకు సొమ్ము ఇచ్చుట. ఆ సొమ్ము పేట ఖజానాలో చేరి, వీథులు ఊడ్పించుటకు అగు ఖర్చును కొంతవరకు పూడ్చుచుండెను. వెస్ట్రీ పెద్దల కంటికి ఇది ఎంతో ముచ్చటైన ఏర్పాటు. ఊరు శుభ్రపడును, పన్ను పెరుగదు, పైపెచ్చు రాబడి వచ్చును. ఈ ముచ్చటలోనే ఒక గొప్ప దోషము దాగియున్నది. ఎత్తువాడు ఎత్తుచున్నది ఇంటివారి ఆరోగ్యము కొరకు కాదు, బూడిద వెల కొరకు. ఆ రెండును కలిసి నడచినన్నాళ్లు ఎవరికిని దోషము కనబడలేదు.

గుత్తదారుని పనివారు ఇద్దరిద్దరుగా వచ్చుచుండిరి. ఒకడు చెత్తగూటిలో దిగి పారతో గంపకు ఎత్తును, రెండవవాడు గంపను భుజమున మోసికొనిపోయి ఎత్తైన ప్రక్కపలకలు గల బండిలో కుమ్మరించును. వెనుకవైపు మెడపై విసనకర్రవలె పరచుకొని మోతబరువునుండి వీపును కాపాడు టోపీ వారి గుర్తు. బండి వచ్చినదని తెలుపుటకు గంట మ్రోయించుచు, బూడిద అని కేక వేయుచు వారు వీథిని నడచుట ఆ కాలపు చిత్రములలో తరచుగా కనబడును. ఇంటి నడవలోనుండి బూడిద చిందించుకొనుచు పోవు వీరిని గృహిణులు అంతగా ఆదరింపలేదు. వీరును, ఒక పెన్నీయో రెండు పెన్నీలో, గ్లాసెడు బీరునకు సరిపడు మామూలో ముట్టిననే గాని గూటిని అడుగుదాక ఊడ్చెడివారు కారు. అది అక్రమమని చెప్పవచ్చును. కాని గుత్తదారు ఇచ్చు కూలి ఎంత స్వల్పమో తెలిసిన పిదప నిందను మోతవానిపైననే మోపుటకు నాకు మనసొప్పదు.

వీరికి పోటీగా గుత్త లేని బండ్లును తిరుగుచుండెను. తెల్లవారుజామున గుత్తదారుని బండికి ముందుగా వచ్చి, గూడు ఊడ్చి, బూడిద ఎత్తుకొని మాయమగు ఈ మనుష్యులను ఎగిరిపోవు బూడిదవాండ్రని జనులు పిలుచుచుండిరి. ఇంటివారికి వారివలన నష్టమేమియు లేదు. పలుమారు గుత్తవాని కంటె వారే చక్కగా ఊడ్చుచుండిరి. ఐనను గుత్తదారు వారిని దొంగలుగా పట్టించుచుండెను. మైకేల్ ఆంజెలో టేలర్ పేర వ్యవహరింపబడు 1817 నాటి చట్టము గుత్త లేక బూడిద ఎత్తుటను శిక్షార్హము చేసెను. అనగా, ఇంటి గూటిలోని చెత్త ఇంటివానిది కాదు, దానిని తనకు నచ్చినవానికి ఇచ్చు స్వేచ్ఛ వానికి లేదు. పేట పెద్దలు ఏర్పరచినవాడే ఎత్తవలెను. వాడు వచ్చిననాడే ఎత్తవలెను. రానినాడు అడుగుటకు మాత్రము గృహస్థునకు దారి లేదు. ఒప్పందము వెస్ట్రీకిని గుత్తదారునకును నడుమ. ఎవరి ఇంటి ముంగిట ఆ ఒప్పందము నెరవేరవలెనో ఆ ఇంటివాడు అందులో పక్షము కాకపోవుట ఈ చరిత్ర యంతటిలోను నన్ను ఎక్కువగా కలచిన సంగతి.

బండ్లన్నియు చేరుచోటు బూడిదపాలెము. నదియొడ్డుననో కాలువరేవుననో ఎత్తైన గోడలోపల గుత్తదారుడు ఉంచుకొను ఆవరణ అది. నడుమ కొండవలె బూడిదకుప్ప. కుప్ప చుట్టు ఇనుప జల్లెడలు పట్టిన స్త్రీలు. జల్లించుపని ముఖ్యముగ ఆడువారిది. మోకాళ్లు దాటి బూడిదలో కూరుకొని, దళసరి తోలుగుడ్డను నడుమునకు కట్టుకొని, పారతో ఒకరు వేయగా జల్లెడను పొట్టకు ఆనించి ఊపుచు వారు పొద్దస్తమానము పనిచేయుచుండిరి. మగడు బండి తోలును, ఆలు జల్లించును, బిడ్డలు జల్లెడలో మిగిలినదానిని ఏరుదురు. తరచుగా ఒక కుటుంబమంతయు ఒకే పాలెమున బ్రతుకుచుండెను. క్రిందికి రాలిన మెత్తని బూడిద ఇటుకమట్టికి, తడినేలలకు ఎరువునకు; పైన నిలిచిన నుసి బట్టీకి. అంతటితో ఏరుట ముగియలేదు. ఎముకలు సబ్బు వండువారికిని, ఎరువు చేయువారికిని పోయెను. గుడ్డపీలికలు కాగితపు మిల్లులకు. పాత ఇనుము, ఇత్తడి, సీసము లోహవర్తకులకు. తగరపు రేకులు పెట్టెల మూలలకు బిళ్లలు వేయువారికి. విరిగిన ఇటుకలును, పెంకులును, ఆల్చిప్పలును కొత్తవీథుల పునాదిలో దిమ్మిసకు. తెగిపోయిన పాతజోళ్లు కూడ వ్యర్థము కాలేదు. ప్రష్యను నీలి యను రంగును చేయుటకు జంతుచర్మము కావలెను గనుక ఆ రంగుల కర్మాగారములవారు వానిని కొనుచుండిరి. చచ్చిన పిల్లి దొరికిన, దాని తోలు ఒలిచి అమ్ముకొను లాభము జల్లించినదానిదే. బూడిదలో అప్పుడప్పుడు దొరకు నాణెమో, వెండిచెంచాయో ఎవరికి చెందవలెనను విషయమున మాత్రము గుత్తదారునకును పనివారికిని తగవు తెగెడిది కాదు.

పునరుపయోగమనునది మన తరము కనిపెట్టిన కొత్తవిద్య యని తలచువారు ఈ పాలెముల వర్ణనను చదువవలెను. ఎట్టి యంత్రము లేక, ఎట్టి ప్రచారము లేక, నగరము పారవేసినదానిలో అత్యధికభాగము ఆనాడు తిరిగి వాడుకలోనికి వచ్చుచుండెను. ఇది గొప్పయే; కాని ఈ గొప్ప ఎవరి ఊపిరితిత్తులపై నిలిచియుండెనో మరచిపోరాదు. తరతరములుగ ఆ ధూళిని పీల్చిన స్త్రీల పేర్లను ఏ వెస్ట్రీ దస్తరములోను వ్రాయలేదు.

గుత్తదారుల పేర్లు మాత్రము నిలిచినవి. పొలములో నాగలి తోలు కుర్రవాడుగా బ్రతుకు మొదలుపెట్టి, బూడిద గుత్తలతో ధనికుడై, 1863లో థేమ్స్ సరకుపడవలకు పందెములు ఏర్పాటుచేసి పేరొందిన హెన్రీ డాడ్ అట్టివారిలో ఒకడు. చార్లెస్ డికెన్సు 1864, 65 సంవత్సరములలో భాగములుగా ప్రకటించిన అవర్ మ్యూచువల్ ఫ్రెండ్ అను నవలలో కథకు మూలమైన ఆస్తి బూడిదకొండలే. ఆ ఆస్తికి వారసుడైన బాఫిన్‌కు ఈ డాడ్ నమూనా యని చాలమంది నమ్మిరి. నగరమునకు ఉత్తరమున బాటిల్ బ్రిడ్జి యను చోట ఒక మహా బూడిదకుప్ప ఉండెడిది. 1812లో తగులబడిన మాస్కో నగరమును తిరిగి కట్టుకొనుటకు ఇటుకలకై దానిని రష్యావారు కొనుక్కొని ఓడలపై తరలించిరని ఒక ఐతిహ్యము ఆ ప్రాంతమున చిరకాలము చెప్పుకొనుచుండిరి. నిజమెట్లున్నను, కుప్పను చూచి జనులు దానిలో ధనమును చూచిరనుటకు ఆ కథ చాలును. ఆ ప్రాంతముననే నేడు కింగ్స్ క్రాస్ రైలునిలయము కలదు.

బూడిద వెల ఎప్పటికిని అట్లే ఉండునని నమ్మినవారికి 1825 చివర వచ్చిన బ్యాంకుల సంక్షోభము మొదటి దెబ్బ కొట్టెను. ఇండ్లు కట్టువారికి అప్పు పుట్టలేదు, కట్టడములు నిలిచిపోయెను, ఇటుకలకు గిరాకి తగ్గెను. మరియొకవైపు జనసంఖ్యతోపాటు బొగ్గు వాడుకయు, బొగ్గు వాడుకతోపాటు బూడిదయు పెరిగిపోవుచుండెను. సరకు హెచ్చి గిరాకి తగ్గినచోట వెల పడిపోవుట సహజము. నగరము విస్తరించిన కొలది ఇటుకక్షేత్రములు దూరమై, మోత ఖర్చు పెరిగెను. గుత్తదారులు పేటలకు ఇచ్చు మొత్తము ఏటికేడు తరుగుచు వచ్చి, తుదకు సున్నకు చేరి, అటుపిమ్మట వెస్ట్రీలే ఎదురు సొమ్మిచ్చి ఎత్తించుకొనవలసిన దశ వచ్చెను. శతాబ్ది చివర పీటర్‌బరో ప్రాంతపు నల్లమట్టితో ఫ్లెట్టన్ ఇటుకలు రైళ్లపై రాసాగెను. ఆ మట్టిలో స్వభావసిద్ధముగా మండు పదార్థము ఉండుటచే దానికి నగరపు బూడిద అక్కరలేదు. లండను బూడిద కథ దానితో దాదాపు ముగిసెను.

వెల తగ్గిననాడు మొదట కష్టపడినవారు పేదలు. ధనికుల ఇండ్లలో గదిగదికి పొయ్యి. రోజుకు ఎన్నో గంపల బూడిద. అచటికి బండి తప్పక వచ్చును. ఇరుకు సందులలోని పేదకుటుంబము కొన్న కొంచెము బొగ్గును నుసి మిగులక కాల్చుకొనును; వారి గూటిలో చేరునది కుళ్లిన ఆకులు, చేపపొలుసు, అశుద్ధము. అందులో గుత్తదారునకు కిట్టుబాటు లేదు. కనుక బండి ఆ సందులోనికి తిరుగుట మానెను. 1831, 32లోను, తిరిగి 1848, 49లోను కలరా నగరమున చొరబడినపుడు ఇట్టి పేటలు ఎంతగా నలిగిపోయెనో లోకవిదితము. ఎడ్విన్ చాడ్విక్ 1842లో ప్రకటించిన నివేదిక, శ్రామికులు నివసించు చోట్ల పేరుకొనిన మురికికిని, వారి అకాలమరణములకును గల సంబంధమును బయటపెట్టెను. మురుగునీటి విషయమున ఆ నివేదిక తెచ్చిన మార్పులను గురించి అందరును వ్రాసిరి. ఇంటి చెత్త విషయమున అది నాటిన భావము అంత ప్రసిద్ధము కాలేదు. చెత్తను ఎత్తుట వ్యాపారము కాదు, ప్రజారోగ్యమునకై చేయవలసిన విధి యనునదే ఆ భావము.

ఆ భావము చట్టములలోనికి దిగుటకు సగము శతాబ్ది పట్టెను. 1848 ప్రజారోగ్య చట్టము, 1855 మహానగర పరిపాలన చట్టము ఒక్కొక్క మెట్టు. 1875 ప్రజారోగ్య చట్టము ఇంగ్లండు పట్టణములకు వర్తించునట్లు ఒక నిబంధనను చేర్చెను. ఈ వ్యాసమునకు ప్రాణము ఆ నిబంధనయే యని నేను భావించుచున్నాను. స్థానిక సంఘము తానుగాని తన గుత్తదారు ద్వారాగాని ఇంటిచెత్త ఎత్తుటకు పూనుకొనిన తరువాత, ఇంటివాడు వ్రాతమూలకముగా తెలిపిన ఏడు దినములలోపల సరియైన కారణము లేక ఎత్తకున్నచో, అటుపిమ్మటి ప్రతిదినమునకు ఐదు షిల్లింగులకు మించని జరిమానాను ఆ ఇంటివానికి చెల్లింపవలెనని అందులో వ్రాసిరి. జరిమానా ప్రభుత్వమునకు కాదు, ఇంటివానికి! గుత్తను ఎవరికి ఇచ్చిరో, వానికి ఏమి కిట్టినదో ఇంటివానికి అనవసరము, బాధ్యత సంఘముది. లండను మహానగరమునకు ప్రత్యేకముగా 1891లో వచ్చిన ప్రజారోగ్య చట్టము ఇంటిచెత్త ఎత్తుటను స్థానిక సంఘములకు తప్పించుకొనరాని విధిగా చేసి, పనివారు ఇంటివారిని మామూలు అడుగుటను నిషేధించెను. చెత్త సిద్ధముగానున్నదని తెలుపుటకు డి అను అక్షరము గల అట్టముక్కను కిటికీలో నిలుపుట ఆ రోజుల వాడుక. ఆ ముక్క కనబడిన ఇంటికి బండి ఆగవలెను. నూరేండ్లుగ మాట లేక యున్న గృహస్థునకు దొరికిన మొదటి మాట అది.

ఐతే విధిగా ఎత్తిన చెత్తను ఏమి చేయవలెను? 1874లో నాటింగ్‌హాం పట్టణమున ఆల్ఫ్రెడ్ ఫ్రయర్ రూపొందించిన దహనయంత్రమును నెలకొల్పిరి. డిస్ట్రక్టరని పిలువబడిన ఆ కొలిమి త్వరలోనే పట్టణపట్టణమున వెలసెను. లండనులోని షోర్‌డిచ్ వెస్ట్రీవారు 1897లో ఒక అడుగు ముందుకు వేసి, చెత్తను కాల్చిన వేడితో విద్యుత్తును పుట్టించు కేంద్రమును కట్టిరి. దానిని శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ ప్రారంభించెను. ధూళినుండి వెలుగును శక్తియు అని లాటినున చెక్కిన పలుకులు ఆ భవనముపై ఇప్పటికిని కలవు. ఆ ఉత్సాహమును నేను తక్కువచేయను. కాని కొలిమి వచ్చిన పిదప జల్లెడ అక్కరలేకపోయెను. జల్లెడతోపాటు ఏరుటయు, ఏరుటతోపాటు వస్తువునకు రెండవ బ్రతుకు ఇచ్చు విద్యయు నగరమునుండి క్రమముగా తొలగిపోయెను. ఆ స్త్రీలను ధూళినుండి తప్పించి, మంచి కూలితో, గాలి వెలుతురు గల పాకలలో ఆ పనినే చేయించుట సాధ్యమై యుండును. ఆ ఆలోచన చేసినవారు అరుదు.

అదే కాలమున పారిసు నగరమున వేరొక ప్రయత్నము జరిగినది. ఆ మండలాధికారి యూజీన్ పూబెల్ 1883లో ఇచ్చిన ఉత్తరువు ప్రకారము ఇంటింటి యజమానులు మూతగల తొట్లను పెట్టవలెను. కుళ్లునది ఒకదానిలో, కాగితములు గుడ్డలు ఒకదానిలో, గాజు పింగాణి ఆల్చిప్పలు ఒకదానిలో వేయవలెను. రాత్రివేళ వీథిలోని కుప్పలలో ఏరుకొని బ్రతుకు వేలకొలది చిత్తుగుడ్డలవారు తమ జీవనము పోవునని మొరపెట్టుకొనిరి. అధికారి కొంత సడలింపక తప్పలేదు. తొట్టి నిలిచినది, వేరుచేయుట నిలువలేదు. తొట్టికి మాత్రము ఆ అధికారి పేరే ఫ్రెంచివారి నోట నేటికిని నిలిచియున్నది.

ఇరువదవ శతాబ్దపు కథను త్వరగా చెప్పెదను. రెండవ ప్రపంచయుద్ధమున కాగితము, ఎముకలు, లోహములు, వంటింటి మిగులు వేరుచేయుట ఇంగ్లండున దేశసేవయయ్యెను. టాటెన్‌హాం పురపాలకులు వంటింటి మిగులును ఉడికించి పందుల మేతగా అమ్మిరి. 1952 డిసెంబరున లండనును కమ్మిన పొగమంచు వేలమందిని పొట్టనబెట్టుకొనగా, 1956లో గాలిశుద్ధి చట్టము వచ్చి బొగ్గుపొయ్యిలను ఆర్పించెను. దానితో చెత్తతొట్టిలోని బూడిద మాయమై, దాని చోటున కట్టుకాగితములు, డబ్బాలు, ప్లాస్టిక్కు చేరెను. 1979 ఆరంభమున పనివారి సమ్మెతో లీసెస్టర్ స్క్వేరున చెత్తసంచులు గుట్టలుగా పేరుకొనుటను ప్రపంచము చూచెను. 1981లో సౌత్ఎండ్ పట్టణము చెత్త ఎత్తుపనిని మరల ప్రైవేటు గుత్తకు ఇచ్చెను. 1988 చట్టము అన్ని స్థానిక సంఘములును పోటీ టెండర్లు పిలువవలెనని నిర్బంధించెను. కొత్త శతాబ్ది ఆరంభమున ఆ నిర్బంధము తొలగెను. 1996లో భూమిలో పూడ్చు చెత్తపై టన్నుకు 7 పౌనుల పన్ను విధించిరి. 2003లో వచ్చిన చట్టము 2010 నాటికి ప్రతి ఇంటినుండి కనీసము రెండు రకముల పునరుపయోగ వస్తువులను వేరుగా సేకరింపవలెనని శాసించెను. చెత్తకు తిరిగి వెల వచ్చినది. 2008 చివర ఆర్థికసంక్షోభమున పాతకాగితము వెల ఒక్కసారిగా కూలెను. 2018లో చైనా దేశము పరదేశపు చెత్తలో పెక్కు రకములను దిగుమతి చేసికొనుట మానివేయగా ఏరి ఉంచిన ప్లాస్టిక్కునకు కొనువాడు లేక పట్టణములు తికమకపడెను. 1825 నాటి ఇటుకబట్టీకిని 2018 నాటి ఓడరేవునకును ఈ విషయమున భేదము లేదు: వెలనే నమ్ముకొని ఎత్తువాడు వెల పడిననాడు నిలువడు.

మన దేశమున ఈ ప్రశ్న మరింత బరువైనది. ఏలయన ఇచట చెత్త ఎత్తుపనిని కులముతో ముడివేసిరి. మదరాసు నగరమును తరతరములుగ శుభ్రపరచుచు వచ్చినవారిలో పెక్కుమంది తెలుగు మాటాడు ఆది ఆంధ్రులు. బూడిదపాలెపు స్త్రీలవలెనే వారును నగరపు లెక్కలలో సంఖ్యలుగా మిగిలిరిగాని మనుష్యులుగా గుర్తింపబడలేదు. 2016లో భారతప్రభుత్వము చేసిన ఘనవ్యర్థ నిర్వహణ నిబంధనలు ఇంటియొద్దనే చెత్తను మూడు విధములుగ వేరుచేయవలెనని చెప్పుటయే కాక, చెత్త ఏరుకొని బ్రతుకువారిని ఈ ఏర్పాటులో కలుపుకొనవలెనని కూడ చెప్పినవి. పూబెల్ మరచినది ఇందు వ్రాసియున్నది, ఆచరణ మిగిలియున్నది. ఆంధ్రప్రదేశ్ పట్టణములలో 2021లో ఇంటింటి సేకరణకు రుసుము విధించి, 2024లో ప్రభుత్వము మారిన పిమ్మట రద్దుచేసిరి. రుసుము ఉండవలెనా వలదా యని జరిగిన వాదములో, ఎత్తనినాడు ఇంటివానికి ఏమి హక్కు కలదను ప్రశ్న వినబడలేదు.

కావున చదువరులకు నా విన్నపమొకటి. మీ పేటలోనో, మీ అపార్టుమెంటు సంఘములోనో చెత్త ఎత్తువానిని నియమింపబోవునపుడు, ఎవడు తక్కువకు వచ్చునని మాత్రము చూడవలదు. ఒప్పందపు కాగితమును తెప్పించి, పాతకాగితము ధర పడిననాడు బండి వచ్చునా రాదా, సందు చివరి పేదయింటికి కూడ వచ్చునా, ఏరు చేతులకు తొడుగులును కూలియు ఎవరు ఇత్తురు, రాకున్న ఎన్నిదినములలో ఎవరు జవాబు చెప్పవలెనని అందులో వ్రాసియున్నదేమో చదువుడు. వ్రాసిలేకున్న వ్రాయుడని అడుగుడు. ఇంగ్లండు గృహస్థునకు 1875లో చట్టము ఇచ్చిన ఆ ఏడు దినముల హక్కును మన పురపాలక సంఘములనుండి మనము అడిగి సాధించుకొనవలెను.